దివిసీమ తీరంలో ఫోర్ బై ఫోర్ బండ్ల ప్రయాణం: ఎదురయ్యే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరి, అక్కడి నుంచి కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్తే, తారు రోడ్డు పూర్తయిన చోట అసలు ప్రయాణం మొదలవుతుంది. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ పాయల మధ్యనున్న ఈ దివిసీమ అంచున మెత్తటి ఇసుక, చవుటి నేల, మడ అడవి బురద, రొయ్యల చెరువుల గట్లు కొద్ది దూరంలోనే ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక నేల మీద పనికొచ్చిన పద్ధతి పక్క నేల మీద బండిని దింపేస్తుంది. మా బృందం చలికాలంలో నాలుగైదు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) బండ్లతో ఈ తీరానికి వెళ్తుంటుంది. ఆ ప్రయాణాల్లో మేము పడిన అవస్థలను, వాటి కారణాలను, ఫలించిన ఉపాయాలను ఇక్కడ రాస్తున్నాను. మాకు వచ్చిన ఇబ్బందుల్లో యంత్రం చెడిపోవడం వల్ల వచ్చినవి తక్కువ. గాలి తీయకపోవడం, వేళ చూసుకోకపోవడం, కంగారులో యాక్సిలరేటర్ మీది నుంచి కాలు ఎత్తకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ.

చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు

యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ హోరు పెరుగుతుంది, చక్రాల వెనుక ఇసుక చిమ్ముతుంది, బండి మాత్రం ముందుకు పోవడానికి బదులు కిందికి దిగుతుంది. ఈ స్థితిలో అయిదు సెకన్లు మొండిగా నొక్కితే చాలు, ఇరుసు ఇసుకకు ఆనుతుంది. ఆ తరువాత బండి బరువును చక్రాలు కాక అడుగుభాగం మోస్తుంది కాబట్టి ఎంత శక్తిగల ఇంజిన్ అయినా దాన్ని కదల్చలేదు.

ప్రధాన కారణం టైర్లలో ఎక్కువ గాలి ఉండటం. రోడ్డు మీద 30 నుంచి 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంచుతాము. అదే గాలితో పొడి ఇసుకలోకి దిగితే గట్టి టైరు గునపంలా నేలలోకి దిగుతుంది. గాలిని సగానికి తగ్గిస్తే టైరు నేలను తాకే మేర దాదాపు రెట్టింపు అవుతుంది. టైరు అడ్డంగా ఉబ్బుతుందని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి అది ఎక్కువగా పొడవునా పరుచుకుంటుంది, అందువల్ల దాని ముందు ఇసుక కుప్పపడటం తగ్గుతుంది. కాబట్టి తారు రోడ్డు వదిలే చోటే ఆగి, గేజీతో కొలుచుకుంటూ అన్ని టైర్లనూ 18 పీఎస్‌ఐకి తేవాలి. కంటి అంచనా మీద గాలి తీస్తే ఒక్కో చక్రం ఒక్కో రకంగా ఉంటుంది. ఈ పదిహేను నిమిషాల పనిని బద్ధకించి దిగబడిన బండ్లనే నేను ఎక్కువగా తవ్వాను. వాటిలో నాది కూడా ఒకటి.

మిగతా కారణాలు నడిపే తీరులో ఉంటాయి. దిబ్బ ఎక్కుతూ మధ్యలో ఆగడం, మెత్తటి ఇసుకలో గేరు మార్చడానికి ప్రయత్నించి ఊపు పోగొట్టుకోవడం, బ్రేకు వేసి ఆపడం వల్ల చక్రం ముందు చిన్న కట్ట ఏర్పడటం, ముందు చక్రాలు పక్కకు తిరిగి ఉండగానే బయలుదేరడం వీటిలో ముఖ్యమైనవి. మరొక కారణం బయటికి కనిపించదు: చక్రం జారగానే ఈఎస్‌పీ (బండి జారకుండా అదుపుచేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఇంజిన్ శక్తిని కోసేస్తుంది, డ్రైవరేమో బండికి బలం చాలడం లేదని భ్రమపడతాడు. చాలా బండ్లలో ఫోర్ లో (నాలుగు చక్రాలకూ తక్కువ వేగంతో ఎక్కువ బలమిచ్చే గేరు) వేయగానే ఇది తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే గేరులో) నడిపేటప్పుడు మాత్రం కొన్నింటిలో బొత్తాన్ని కొంతసేపు నొక్కి పట్టుకోవలసి ఉంటుంది. మీ బండిలో ఏ పద్ధతి ఉన్నదో ఇంటి దగ్గరే చూసుకోవడం మంచిది.

పరిష్కారం మొదటి అడుగు కాలు ఎత్తడమే. ఆ తరువాత అందరూ దిగాలి, బండి కిందికి వంగి చూడాలి. ఇరుసు ఇంకా ఇసుకను తాకకపోతే గాలిని 15కు తగ్గించి, స్టీరింగ్ నిటారుగా ఉంచి, ఫోర్ లోలో రివర్స్ గేరు వేసి, వచ్చిన జాడల్లోనే మెల్లగా వెనక్కి రావాలి. ఆ జాడల్లో ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది. ముందుకే పోవాలన్న పంతం ఇక్కడ పనికిరాదు. ఇరుసు ఆనినట్లయితే పార తీయక తప్పదు. చక్రాల ముందు మాత్రమే తవ్వితే చాలదు, అడుగున ఆనిన ఇసుకనంతా లాగేయాలి. ఆపైన నాలుగు చక్రాలకూ వాలుగా దారి చేసి, చక్రానికి పట్టునిచ్చే పలకలు పెట్టాలి. పలకలు లేకపోతే పచ్చి తాటి మట్టలు, తడిపిన గోనె సంచులు పనికొస్తాయి. చక్రం వాటిని బాణంలా వెనక్కి విసిరేయగలదు కనుక బండికి ముందూ వెనుకా ఎవరూ నిలబడకూడదు. అత్యవసరంలో 12 దాకా గాలి తీయవచ్చు గానీ, ఆ స్థితిలో బండిని తిప్పకూడదు, బయటపడగానే మళ్లీ నింపాలి.

తడిసిన ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే తెల్లవారుజామున మంచుకు తడిసిన దిబ్బ మధ్యాహ్నపు దిబ్బకంటే సులువుగా దాటనిస్తుంది. ఉదయం వెళ్లిన దారే కదా అని మిట్టమధ్యాహ్నం అదే ధీమాతో తిరిగి రావడం తగదు.

తాడు కట్టి లాగితే తాడు తెగింది, లేదా కొక్కెం ఊడి వచ్చింది

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవమని కోరుతున్నాను. ఇసుకలో దిగబడిన బండి వల్ల ఎవరికీ ప్రాణాపాయం రాదు, దాన్ని లాగే తాడు వల్ల రావచ్చు.

మా మొదటి ప్రయాణాలలో ఆటోనగర్‌లోని ఒక దుకాణంలో, లారీనే లాగుతుందన్న భరోసా మీద, రెండు చివరలా ఇనుప కొక్కేలున్న లావుపాటి మోకు కొన్నాము. దుకాణం పేరు ఇక్కడ అనవసరం, తప్పు మా అజ్ఞానానిది కూడా. అది సాగే తాడు కాదు. లాగే బండి ఊపుగా కదలగానే ఆ దెబ్బ నేరుగా కొక్కేనికి తగిలింది, కొక్కెం విప్పారి ఎగిరి వెనుక బండి బంపరును చీల్చింది. ఆ బంపరు స్థానంలో మనిషి లేకపోవడం మా అదృష్టం.

ఇలా జరగడానికి మూడు కారణాలు కలుస్తాయి. మొదటిది, ఊపుతో లాగడానికి సాగని తాడు వాడటం. రెండోది, బలమైన స్థానానికి కాక బంపరుకో, ఇరుసు కడ్డీకో, ట్రైలర్ తగిలించే గుండుకో కట్టడం. గుండు సమాన వేగంతో లాగడానికి చేసినది, కుదుపును తట్టుకోవడానికి కాదు. అది విరిగితే ఫిరంగి గుండులా దూసుకొస్తుంది. మూడోది, బండి కింద ఇసుక తవ్వకుండానే లాగడం. తవ్వని బండిని లాగడమంటే ఇసుక దిబ్బను కూడా దానితోపాటు లాగడమే.

పరిష్కారంగా ఊపుతో లాగడానికి సాగే తాడునే వాడాలి. అది తన పొడవులో దాదాపు 30 శాతం దాకా సాగి, ఆ శక్తిని నెమ్మదిగా విడుదల చేస్తుంది. ఛాసిస్‌కు బిగించిన, తయారీదారు లాగడానికని గుర్తించిన కొక్కేలకే తగిలించాలి. ఇనుప షాకిల్‌ల (తాడును కొక్కేనికి కలిపే కడియాల) స్థానంలో అల్లిన మెత్తటి షాకిల్‌లు ఉంటే మేలు, తెగినా అవి అంత బరువుతో ఎగరవు. తాడు మధ్యలో తడి దుప్పటి వేస్తే, తెగినప్పుడు అది తాడును నేలకు దించుతుంది. చూసేవాళ్లు తాడు పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకు నిలబడాలి. అక్కడ చేరే పిల్లలకు ఇది తమాషాగా కనిపిస్తుంది కాబట్టి వారిని దూరంగా ఉంచడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టాలి. సైగలు ఒక్కరే చేయాలి. అయిదుగురు అయిదు చేతులు ఊపితే డ్రైవరు తనకు నచ్చిన చేతిని నమ్ముతాడు.

పై పొర ఎండి గట్టిగా ఉంది, బండి వెళ్లగానే కుంగింది

చవుటి పర్రలో, మడ అడవి అంచున ఇది తరచుగా జరుగుతుంది. పైన తెల్లటి ఉప్పు పొర, బీటలు వారిన నేల మైదానంలా కనిపిస్తుంది. దాని కింద పోటు నీరు ఇంకిన నల్లటి బంకమట్టి ఎన్నటికీ ఆరదు. మొదటి బండి దాటగలిగినా పొర పగిలిపోతుంది, అదే జాడలో వచ్చిన రెండో బండి కుంగుతుంది. ముందు బండి వెళ్లింది కదా అనే తర్కం ఇక్కడ తలకిందులవుతుంది.

దీనికి మందు దిగకముందే ఉంది. అనుమానమున్న చోట ఒక మనిషి దిగి నడవాలి. మడమ గట్టిగా మోపితే నీరు చెమ్మగిలిందంటే అక్కడికి రెండు టన్నుల బండిని తీసుకుపోకూడదు. పశువులు నడిచిన జాడలు నమ్మదగినవే గాని, గేదె దాటిన చోటల్లా జీపు దాటుతుందనుకోవడం పొరపాటు. తప్పక దాటవలసి వస్తే ఒక్కో బండీ కొత్త జాడలో, దూరం దూరంగా పోవాలి.

కుంగిన తరువాత పారతో తవ్వితే గుంట నిండా నీరు ఊరుతుంది. బంకమట్టి చక్రాన్ని పీల్చి పట్టుకుంటుంది కనుక ముందు జాకీతో చక్రాన్ని పైకెత్తాలి. జాకీ కింద వెడల్పాటి చెక్క లేకపోతే బండికి బదులు జాకీ నేలలోకి పోతుంది. ఎత్తిన చక్రం కింద పలకలు, కొమ్మలు, గోనెలు కుక్కి, ఆ తరువాతే వించ్‌తో (బండికి బిగించిన, తాడు చుట్టుకుంటూ లాగే యంత్రంతో) ఆగకుండా నెమ్మదిగా లాగాలి. వించ్ కట్టడానికి మడ చెట్లను వాడకూడదు. వాటి వేళ్లు పైపైనే పరుచుకుని ఉంటాయి, చెట్టు పెళ్లగించుకు వస్తుంది గాని బండి రాదు. పైగా అభయారణ్యంలో అది నేరం. గట్టి నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డుపెట్టిన మరో బండే మంచి ఆధారం. అది లేకపోతే స్టెప్నీ చక్రాన్ని లోతుగా పాతిపెట్టి దానికి కట్టవచ్చు. చాలా శ్రమ, కానీ పట్టుకుంటుంది.

నీటి గీత బండి వైపు వస్తోంది

తడి ఇసుక గట్టిగా ఉంటుంది కాబట్టి అందరూ అలల పక్కనే నడపాలనుకుంటారు. కాసేపటికి తమ జాడలను అలలు చెరిపేస్తూ కనిపిస్తాయి, ఒక పక్క సముద్రం, మరో పక్క ఎక్కలేని మెత్తటి దిబ్బ మిగులుతాయి. ఆ ఇరుకులో ఒక బండి దిగబడితే, ప్రతి అలా చక్రాల కింది ఇసుకను తోడుకుపోతూ బండిని ఇంకా దించుతుంది. గంట గడిస్తే దాన్ని బయటికి తీసే ఆశ ఉండదు.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు పైకి రావడం), రెండు పాట్లు (నీరు వెనక్కి తగ్గడం) వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అంటే రోజురోజుకు వేళ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. గత ఆదివారం ఉదయం 8 గంటలకు నీరు బాగా వెనక్కి తగ్గి ఉన్నదని ఈ ఆదివారం కూడా 8 గంటలకు వెళ్లినవారి సంగతి లెక్కవేసి చూడండి. ఏడు రోజులకు 350 నిమిషాలు జరిగి, పాటు మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాల ప్రాంతానికి పోతుంది; ఉదయం 8 గంటలకు దాదాపు నిండు పోటు ఉంటుంది. మా బృందంలో ఒకసారి జరిగింది అక్షరాలా ఇదే.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు ఎక్కువ ఎత్తుకు వస్తుంది, పాటు ఎక్కువ దూరం తీస్తుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మందంగా ఉంటాయి. కనుక గోడ మీది పంచాంగం కూడా ఇక్కడ పనికొచ్చే సాధనమే. పోటు ఎత్తు ఒక మీటరేనని తేలిగ్గా తీసుకోవద్దు. 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలిన తీరంలో ఆ ఒక్క మీటరు ఎత్తు 50 మీటర్ల వెడల్పున్న దారిని మింగేస్తుంది. గాలి సముద్రం మీది నుంచి బలంగా వీస్తే పట్టికలో రాసినదానికంటే నీరు ఇంకా పైకి వస్తుంది.

పరిష్కారం వేళ లెక్కే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే ఆటుపోట్ల వేళలను, అలల హెచ్చరికలను ముందురోజు చూసుకోవాలి. పాటు వేళకు రెండు గంటల ముందు దిగి, ఆ వేళ దాటిన రెండు గంటలలోగా గట్టు ఎక్కేలా దూరాన్ని కుదించుకోవాలి. ఎక్కడ పైకి ఎక్కవచ్చో పోతున్నప్పుడే గుర్తు పెట్టుకోవాలి. దారిలో మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) తగిలితే, అవతలికి దాటడానికి ముందే తిరిగి దాటే వేళ లెక్క వేయాలి. పల్లెలో వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను మేము వేళ అడిగితే, “పాటు తీసేటప్పుడు దిగండి బాబూ, పోటెక్కేటప్పుడు కాదు. నీళ్లు మీ వెనకమాలే పోవాలి, మీ మీదికి రాకూడదు” అన్నాడు. ఆ మాటను బృందంలో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాము.

నీరు నిజంగా ముంచుకొస్తున్నప్పుడు బండి దిగబడితే, మిగతా బండ్లన్నీ ముందు గట్టు ఎక్కాలి. ఒక్కటి మాత్రం తాడుతో మిగలాలి. రెండు ప్రయత్నాలలో రాకపోతే కాగితాలు, మనుషులు బయటికి రావాలి. బండిని వదిలేయడం కష్టమే, కానీ బీమా బండికి ఉంటుంది. సముద్రంలో మనుషులకు ప్రమాదం ఏర్పడితే తీరరక్షక దళం సంఖ్య 1554.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలం. 1977 నవంబరు 19న ఇదే దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజున ఈ ప్రయాణానికి పరిష్కారమంటూ ఏదీ లేదు, వాయిదా తప్ప.

చెరువు గట్టు మీద బండి పక్కకు జారుతోంది

రొయ్యల చెరువుల గట్లు బండ్ల కోసం వేసినవి కావు. నల్లమట్టి గట్టు ఎండలో సిమెంటులా ఉంటుంది, రాత్రి మంచు పడినా చాలు, సబ్బులా మారుతుంది. వెనుక భాగం చెరువు వైపు జారడం మొదలైనప్పుడు బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ కలిసి జారుతాయి. కాలు ఎత్తి, వెనుక భాగం ఏ వైపు జారుతోందో ఆ వైపే స్టీరింగును కొద్దిగా తిప్పి, బండి తనంతట తాను ఆగనివ్వాలి. ఆగాక ప్రయాణికులు చెరువుకు ఎదురు వైపు తలుపు గుండా ఒక్కొక్కరుగా దిగాలి. వెనుక బండికి తాడు కట్టి, జారకుండా బిగించి పట్టిన తరువాతే కదలాలి. ఇసుక కోసం తీసిన గాలి ఇక్కడ నష్టం చేయదు గాని, బురద నిండిన టైరు గాడులు నున్నటి గచ్చులా మారతాయి. వాటిని పుల్లతో గీకాలి.

ఏ గట్టయినా ఒకరి సొత్తు. కూలితే ఒక పంట నష్టపోతుంది. కాపలా మనిషిని “అన్నా, ఈ గట్టు బండిని మోస్తుందా?” అని అడిగి, ఆయన వద్దంటే వెనక్కి తిరగడమే పద్ధతి.

టైరు రింగు వదిలేసింది, లేదా గాలి మెల్లగా తగ్గుతోంది

గాలి తక్కువగా ఉన్న టైరుతో వేగంగా మలుపు తిప్పితే టైరు అంచు రింగు నుంచి ఊడిపోతుంది. 18 పీఎస్‌ఐ దగ్గర గంటకు 40 కిలోమీటర్లు దాటకుండా, విశాలంగా తిప్పుకుంటూ నడిపితే ఇది రాదు. వచ్చినప్పుడు చెక్క మీద జాకీ పెట్టి చక్రాన్ని లేపి, అంచులో చేరిన ఇసుకను నీటితో కడిగి, సబ్బునీళ్లు పూసి, కంప్రెసర్‌తో ఒక్కసారిగా గాలి కొట్టాలి. టప్‌మని రెండు శబ్దాలు వినిపిస్తే రెండు అంచులూ కూర్చున్నట్లు. వాల్వు పిన్ను తీసి కొడితే గాలి వేగంగా ఎక్కుతుంది. పెట్రోలు చల్లి నిప్పు పెట్టి టైరు కూర్చోబెట్టే వీడియోలు చూసి ఎవరూ ఆ సాహసం చేయవద్దు.

గాలి మెల్లగా దిగుతున్నట్లయితే అది ఎక్కువగా సర్కారు తుమ్మ ముల్లు. టైరు నడి భాగంలో దిగిన ముల్లును పంచర్ కిట్టుతో అక్కడికక్కడే సరిచేయవచ్చు. పక్క గోడలో దిగితే అతుకు నిలవదు, స్టెప్నీ మార్చవలసిందే.

ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతోంది, కాలిన వాసన, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే వడపోత) దీపం

ఈ మూడింటి మూలం ఒక్కటే: తక్కువ వేగం, ఎక్కువ శ్రమ. మెత్తటి ఇసుకలో ఇంజిన్ గట్టిగా పనిచేస్తుంది, ఎదురుగాలి మాత్రం రేడియేటరుకు చాలినంత తగలదు. గాలి వెనుక నుంచి వీస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. గడ్డి గింజలు, జమ్ము నూగు రేడియేటరును కప్పేసి ఉన్నాయేమో చూడాలి. బండిని గాలికి ఎదురుగా నిలిపి, ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, ఇంజిన్‌ను ఆపకుండా కాసేపు తిరగనివ్వాలి. ఫ్యాను తిరగకపోయినా, కూలెంట్ కారుతున్నా మాత్రం వెంటనే ఆపేయాలి. వేడి మీద రేడియేటరు మూత విప్పకూడదు.

కాలిన వాసన క్లచ్ ప్లేటుది. సగం నొక్కిన క్లచ్‌తో బండిని ఊపడమే దానికి కారణం. న్యూట్రల్‌లో పెడల్ వదిలి పావుగంట చల్లారనిచ్చి, ఆపైన ఫోర్ లో తప్ప మరొకటి వాడకూడదు. ఆటోమేటిక్ బండిలో గేరుబాక్స్ వేడి హెచ్చరిక వస్తే చేయవలసింది కూడా ఆగడమే.

బీఎస్ 6 డీజిల్ బండ్లలో గంటల తరబడి నెమ్మదిగా నడిపితే మసి వడపోతలో నిండి దీపం వెలుగుతుంది. జాతీయ రహదారి 216 ఎక్కి, గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో ఇరవై నిమిషాలు ఆగకుండా నడిపితే చాలావరకు అది తనను తాను శుభ్రపరచుకుంటుంది. ఆ ప్రక్రియలో పొగ గొట్టం విపరీతంగా వేడెక్కుతుంది కనుక ఎండు గడ్డి మీద బండి నిలపకూడదు.

పాయ దాటుతుండగా ఇంజిన్ ఆగింది

మళ్లీ స్టార్ట్ చేయకూడదు. గాలితోపాటు నీరు సిలిండర్‌లోకి పోయి ఉంటే, నీరు అణగదు కాబట్టి పిస్టన్ కడ్డీ వంగుతుంది. చిన్న ఖర్చుతో పోయేది ఇంజిన్ ఖర్చుగా మారుతుంది. బండిని లాగి ఒడ్డుకు చేర్చి, ఎయిర్ ఫిల్టరు విప్పి చూడాలి. అది పొడిగా ఉంటే లోపం వైర్లలో వెతకాలి. తడిగా ఉంటే పెట్రోలు బండిలో స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ బండిలో ఇంజెక్టర్లు లేదా గ్లో ప్లగ్గులు విప్పి నీరు చిమ్మేలా తిప్పాలి. ఆ పని రానివారు అవనిగడ్డ దాకా లాగించుకోవడమే ఉత్తమం. పాయలోకి దిగే ముందు ఒక మనిషి నడుముకు తాడు కట్టుకుని నడిచి లోతు చూడాలి. కొత్త థార్‌కు తయారీదారు చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు. అది నిలకడ నీటికి చెప్పిన లెక్క, పాటు వేగంగా లాగే మొగకు కాదు.

తారు రోడ్డు ఎక్కాక స్టీరింగ్ బిగుసుకుపోయింది

ఫోర్ హై తీయడం మరిచిపోయారు. మలుపులో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. ఇసుకలో ఆ తేడా జారిపోతుంది, తారు మీద ఇరుసుల మధ్య బిగుసుకుంటుంది. లీవరు రాకపోతే బలవంతం చేయకుండా, స్టీరింగ్ నిటారుగా ఉంచి నాలుగైదు మీటర్లు వెనక్కి నడిపితే వదులుతుంది.

వెనుక బండి కనిపించడం లేదు

దిబ్బల మధ్య ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ముందు బండి తన తోవన తాను పోవడమే ఈ సమస్యకు కారణం. ప్రతి డ్రైవరూ తన వెనుక బండికి బాధ్యుడని మేము నియమం పెట్టుకున్నాము: మలుపు దగ్గర వెనుక బండి కనిపించేదాకా ఆగాలి. అలా ఒకరి తరువాత ఒకరు ఆగితే మొదటి బండి కూడా దానంతట అదే ఆగుతుంది. తాడు, కంప్రెసర్, అనుభవం ఉన్న బండి చివర రావాలి. 446 మెగాహెర్ట్‌జ్ పరిధిలోని తక్కువ శక్తి వాకీటాకీలకు లైసెన్సు అక్కరలేదు, బండ్ల మధ్య మాటలకు అవి చాలు. ఇరిడియం, తురాయా ఉపగ్రహ ఫోన్లను మన దేశంలో అనుమతి లేకుండా వాడటం నిషిద్ధం. విదేశం నుంచి బంధువు తెచ్చాడని జేబులో వేసుకుని రావద్దు.

దారిలో ఆపేశారు

కృష్ణా అభయారణ్యం హద్దు ఎక్కడ మొదలవుతుందో నేల మీద తెలియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అందులోకి పోవడానికి అనుమతి పత్రం అవసరం, అది లేకుండా సిబ్బంది ఆపితే వాదన పనికిరాదు. బయలుదేరే వారం ముందే అటవీ శాఖ కార్యాలయంలో బండ్ల సంఖ్యలు, దారి, తేదీ రాసి అనుమతి కోరాలి. పాలకాయతిప్ప మెరైన్ పోలీసులకు కూడా ముందుగా తెలియజేయాలి, వద్దన్న చోటికి పోకూడదు. బాపట్ల వైపు వెళ్లేవారు సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉందని గుర్తుంచుకోవాలి.

అనుమతి ఉన్నా జనవరి నుంచి మే దాకా దిబ్బ అంచున నడపకూడదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు పోటు గీతకు పైన గుంట తవ్వి, ఒక్కో గూటిలో వందకు పైగా గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పిల్లలు కావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. చక్రం గూటి మీద పోయినట్లు నడిపేవారికి తెలియను కూడా తెలియదు. లోతైన చక్రపు జాడలో పడిన పిల్ల సముద్రం దాకా చేరలేదు. రాత్రి దీపాలు వాటి దారి తప్పిస్తాయి. కనుక ఆ నెలల్లో పగటిపూట, తడి ఇసుక మీదనే నడపాలి, లేదా తీరం వదిలి లోపలి బాటలతో సరిపెట్టుకోవాలి. మేము రెండోదే ఎంచుకుంటున్నాము.

మనిషి తూలుతున్నాడు

రెండు గంటలు ఎండలో తవ్విన మనిషికి తలనొప్పి, వికారం వచ్చి, చెమట ఆగి, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిబట్ట చుట్టి, విసరాలి. స్పృహలో ఉంటే ఓఆర్‌ఎస్ తాగించాలి. మాట తడబడినట్లయితే 108కు ఫోన్ చేసి, సిగ్నల్ లేకుంటే బండిలోనే అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి బయలుదేరాలి. ఇతర బండ్లు ఇసుకలోనే ఉన్నా సరే.

ఇంటికి వచ్చాక బ్రేకులు కీచుమంటున్నాయి, నూనె తెల్లబడింది

కీచు శబ్దం బ్రేకు ప్యాడ్ల మధ్య చేరిన ఇసుకది. చక్రాలు విప్పి మంచినీటితో కడిగితే పోతుంది. ఉప్పు సంగతి అంత తేలిక కాదు. అది ఛాసిస్ సందుల్లో దాగి, వారం తరువాత తుప్పుగా బయటపడుతుంది. అందుచేత తిరిగి వచ్చిన రోజునే, మరునాటికి వాయిదా వేయకుండా, సర్వీసింగ్ సెంటరులో బండిని పైకెత్తించి అడుగుభాగమంతా కడిగించాలి. పైపైన మెరిపించి పంపే అలవాటు అక్కడ ఎక్కువ కాబట్టి పక్కన నిలబడి చేయించుకోవాలి. కాలువలోకి బండి దింపి కడగడం మాత్రం తగదు, ఆ నీరు దిగువన ఎవరో తాగుతారు.

పాయ దాటిన బండిలో డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యనుండే గేర్ల గూడు) నూనెను కూడా చూడాలి. వేడెక్కిన గూడు చన్నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, గాలి ఆడే గొట్టం గుండానో, సీళ్ల గుండానో నీటిని లోపలికి పీలుస్తుంది. బోల్టు కాస్త వదులు చేసి చూసినప్పుడు నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే, దాన్ని పూర్తిగా తీసేసి కొత్తది పోయించి, యాభై కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడాలి. రెండోసారి కూడా అదే రంగు కనిపిస్తే సీలు పోయినట్లే, అప్పుడు మెకానిక్‌కు అప్పగించాలి.